పాత బట్టలతో కొత్త డ్రెస్సులు: కత్తెర పట్టే ముందు నుంచి చివరి కుట్టు దాకా

పాత బట్టలతో ఏదైనా కొత్తగా కుడదాం అనుకోగానే చాలామంది ముందు కత్తెర వెతుకుతారు, అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఒక షర్టుని టకటకా నాలుగు ముక్కలు చేసేసి ఉత్త బట్ట కింద వాడుకుంటే ఆ షర్టులో ఆల్రెడీ ఎవరో చేసిపెట్టిన పనంతా చెత్తబుట్టలోకి పోతుంది, గుండీల పట్టీ, కాజాలు, జేబు, మడిచి కుట్టిన అంచు, కాలర్ అన్నీ. కొత్త బట్ట కొని కుట్టేవాళ్ళకి ఎక్కువ టైం తినేవి ఇవే కదా. అందుకే నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే, పాత బట్టలో రెడీగా ఉన్నదాన్ని ఎంత ఎక్కువ మిగుల్చుకుంటే మనకి పని అంత తగ్గుతుంది, చూడ్డానికి కూడా కొన్నదానిలా నీట్‌గా వస్తుంది. ఈ గైడ్ మొత్తం ఆ లెక్కలోనే నడుస్తుంది.

ఇంత కష్టం ఎందుకు, రీసైక్లింగ్‌కి ఇచ్చేస్తే పోలా అని కొంతమంది అడుగుతారు. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే బ్రిటన్ స్వచ్ఛంద సంస్థ 2017లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం బట్టల తయారీకి వాడే మెటీరియల్‌లో మళ్ళీ కొత్త బట్టగా మారేది 1 శాతం కూడా లేదు. కారణం సింపుల్, ఇప్పటి బట్టల్లో చాలావరకు కాటన్, పాలిస్టర్, సాగే స్పాండెక్స్ కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీయడం కష్టం, పోనీ కాటన్‌నే మెషీన్లో పీకి దూది చేసినా పీచు పొట్టిగా అయిపోయి గట్టి దారం రాదు, అందుకని ఎక్కువ శాతం తుడిచే గుడ్డలకో పరుపుల్లో కూరడానికో పోతుంది. ఇక ఒక్క కాటన్ టీషర్టుకి పత్తి పండించే దగ్గర్నుంచి లెక్కేస్తే సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని అంటారు. ఆ నీళ్ళు ఎలాగూ ఖర్చయిపోయాయి, కనీసం ఆ బట్టని ఇంకో నాలుగేళ్ళు వాడుకుందాం అన్నదే పాయింట్. ఇదేం కొత్త ఫ్యాషన్ కూడా కాదు, రెండో ప్రపంచ యుద్ధం వల్ల బ్రిటన్‌లో 1941 నుంచి 1949 దాకా బట్టలకి రేషన్ ఉండేది, అప్పుడు గవర్నమెంటే పాత బట్టలు ఎలా విప్పి మళ్ళీ కుట్టుకోవాలో జనానికి నేర్పించింది.

చీరలు, చున్నీల్లాంటివి కుట్లు లేని పొడుగు బట్ట కాబట్టి వాటి కథే వేరు, అవి ఇక్కడ కలపట్లేదు. ఇక్కడ చెప్పేది షర్టులు, జీన్సులు, టీషర్టులు, స్వెటర్ల గురించి.

ముందు ఏరండి

కుప్పంతా నేల మీద పోసి కూర్చోండి. చిన్న రిపేరు చేస్తే అలాగే వేసుకోగలిగినవి ముందు పక్కకి తీసెయ్యండి, గుండీ ఊడింది, జిప్పు పాడైంది, అంచు వేలాడుతోంది లాంటివి, వాటిని కోసి ఇంకోటి చెయ్యక్కర్లేదు, బాగుచేసి తొడుక్కోవడమే. మీకు పట్టకపోయినా ఇంకొకరికి సరిపోయేవి వాళ్ళకే ఇచ్చెయ్యండి. మిగిలినవాటిలో బట్ట గట్టిగా ఉండి సైజో మోడలో నచ్చనివి ఉంటాయి చూడండి, మనకి కావాల్సింది అవి. బట్టే చివికిపోయినవి గుడ్డపీలికలే, వాటి మీద గంటలు పెట్టొద్దు.

చివికిందో లేదో ఎలా తెలుస్తుందంటే, బట్టని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, జల్లెడలా వెలుతురు కారుతుంటే ఆ భాగం అయిపోయినట్టే. తర్వాత రెండు బొటనవేళ్ళు దగ్గరగా పెట్టి నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి గట్టిగా లాగండి, పిర్రున శబ్దం వచ్చినా పోగులు జరిగినా వదిలెయ్యండి. షర్టుకి సాధారణంగా ముందు పోయేవి కాలర్ మడత, మోచేతులు, చంకలు. ప్యాంటుకి తొడల లోపలివైపు, మోకాళ్ళు, సీటు. అదే షర్టు వీపు, ప్యాంటు పిక్కల దగ్గర బట్ట కొత్తదిలానే ఉంటుంది, మనం బతికేది ఆ ముక్కల మీదే.

ఏ బట్టో తెలుసుకోవడం కూడా ఇప్పుడే అయిపోవాలి. లేబుల్ ఉంటే సరే. లేదంటే లోపల కుట్టు పక్కన మిగిలిన బట్టలోంచి నాలుగు పోగులు లాగి, చిమటాతో పట్టుకుని, నీళ్ళున్న సింకు మీద అంటించి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద మిగుల్తుంది. పాలిస్టర్ ముడుచుకుపోయి కరిగి గట్టి నల్లపూసలా మిగుల్తుంది, అది వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే చర్మానికి అతుక్కుంటుంది జాగ్రత్త. ఉన్ని, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వస్తాయి, మంట తీయగానే వాటంతటవే ఆరిపోతాయి. రెండు లక్షణాలూ కలిపి కనిపిస్తే అది మిక్స్. ఇదంతా ఎందుకంటే ఇస్త్రీ వేడి, రంగు, సూది అన్నీ దీన్నిబట్టే మారతాయి.

విప్పడం, ఉతకడం, ఇస్త్రీ

పెద్ద సామానేం అక్కర్లేదు, పదునైన బట్టల కత్తెర ఒకటి (కాగితాలు కోసేది వేరే పెట్టుకోండి, లేదంటే రెండూ పాడవుతాయి), కుట్లు విప్పే రిప్పర్, టేపు, మార్కింగ్ చాక్, గుండుసూదులు, ఇస్త్రీ పెట్టె. మిషను ఉంటే పని త్వరగా అవుతుంది, లేకపోయినా చేత్తో వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్) వేసుకుంటూ చాలావాటిని పూర్తి చెయ్యొచ్చు.

విప్పడానికి ఓ పద్ధతి ఉంది. ప్రతి కుట్టూ తెంపుతూ పోతే మధ్యాహ్నమంతా అక్కడే అయిపోతుంది. ఒకవైపు మాత్రమే నాలుగైదు కుట్లకి ఒకటి చొప్పున రిప్పర్‌తో తెంపుకుంటూ చివరిదాకా వెళ్ళండి, తర్వాత బట్ట తిప్పి రెండోవైపు దారం పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చేస్తుంది, ఇవతల మిగిలిన చిన్న చిన్న దారాలు చేత్తో దులిపితే చాలు. జీన్స్‌లో కొన్నిచోట్ల లోపలివైపు గొలుసులా కనిపించే కుట్టు ఉంటుంది, దానికి కరెక్ట్ చివర దొరికిందంటే పండగే, ఒక్క లాగుకి సర్రున ఊడిపోతుంది, ఊడకుండా బిగుసుకుంటోందంటే రెండో చివర నుంచి ట్రై చెయ్యండి. రిప్పర్‌ని ఎప్పుడూ మీ వేళ్ళ వైపు తొయ్యొద్దు, బట్టకి ఆనించి పడుకోబెట్టినట్టు పట్టుకోండి, నిలబెట్టి గుచ్చితే బట్ట చిరుగుతుంది.

విప్పాక ఉతికి, కాస్త తడి ఉండగానే ఆవిరి ఇస్త్రీ చేస్తే పాత సూది చిల్లులు చాలావరకు మూసుకుపోతాయి. జీన్స్ అంచు విప్పినచోట మడత గీత మాత్రం తెల్లగా అలాగే ఉండిపోతుంది, దాన్ని పోగొట్టాలని చూడకుండా డిజైన్ కింద వాడుకోవడమే మేలు.

షర్టు: అన్నిటికంటే లాభం ఉన్న బట్ట

ఏదో ఒకదానితో మొదలెట్టమంటే నేను కాటన్ షర్టుతోనే మొదలెట్టమంటాను. జారదు, ఇస్త్రీ చెప్పినట్టు వింటుంది, పైగా రెడీ పనితనం ఇంత ఎక్కువ ఉన్న బట్ట ఇంకోటి లేదు.

కాలర్ మడత దగ్గర దారాలు లేచిపోయిందనుకోండి, షర్టు మిగతా అంతా బాగుంటుంది, అయినా జనం పారేస్తారు. కాలర్ నిజానికి రెండు భాగాలు, మెడ చుట్టూ నిలబడే పట్టీ, దాని మీద మడిచే ఆకు. ముందు ఆకు మధ్యలో, పట్టీ మధ్యలో చాక్‌తో చిన్న గీత పెట్టండి, చివర్లు పట్టీలోకి ఎక్కడ దూరుతున్నాయో అక్కడ కూడా. పట్టీ పై అంచులో ఉన్న కుట్టు మాత్రమే విప్పండి, పట్టీని షర్టుకి కలిపే కింది కుట్టు జోలికి వెళ్ళొద్దు. ఆకు చేతిలోకొచ్చాక దాన్ని అడుగుది పైకి వచ్చేలా తిప్పండి, చిరిగినచోట లోపల నుంచి సన్నగా జిగ్‌జాగ్ కొట్టెయ్యండి, అదిప్పుడు మెడ వెనక అడుగున పడుతుంది కాబట్టి ఎవరికీ కనపడదు. మళ్ళీ పట్టీలోకి దూర్చి, మధ్య గీతలు కలిపి, మధ్య నుంచి చివర్లకి గుండుసూదులు పెట్టుకుంటూ పోయి, పాత చిల్లుల వరస మీదే కుట్టు వెయ్యండి. చివర నుంచి మొదలెడితే ఒకవైపు కొంచెం మిగిలిపోయి కాలర్ వంకరగా వస్తుంది. ఆకు కొనలు పదునుగా ఉండటానికి అడుగున ప్లాస్టిక్ పుల్లలు దూర్చే అరలుంటే మాత్రం ఈ ట్రిక్ పనికిరాదు, తిప్పగానే అవి పైకొచ్చేస్తాయి. అలాంటప్పుడు ఆకుని పూర్తిగా తీసేసి పట్టీ నోరు మూసి కుట్టెయ్యండి, చైనీస్ కాలర్ షర్టు రెడీ, నన్నడిగితే చాలా షర్టులు దీంతోనే ఇంకా అందంగా ఉంటాయి.

ఇక పెద్ద సైజు షర్టు నుంచి స్కర్టు. షర్టుకి గుండీలన్నీ పెట్టేసి పరిచి, చంకల కింద నుంచి అడ్డంగా ఒక సరళరేఖ గీసి కోసెయ్యండి, కింద మిగిలిన గొట్టమే మీ స్కర్టు, ముందు గుండీల పట్టీ ఉంది, అంచు మడిచి ఉంది, ఇంకేం కావాలి. కోసే ముందు ఒక్కటి కొలవండి, ఆ గొట్టం చుట్టుకొలత మీ తుంటి కొలత కంటే కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, లేకపోతే కూర్చుంటే గుండీల మధ్య నోళ్ళు తెరుచుకుంటాయి. పొడవు కూడా ఓసారి ఒంటికి పెట్టుకుని చూసుకోండి, పొట్టి షర్టుతో పెద్దవాళ్ళకి స్కర్టు రాదు, పిల్లలకి బ్రహ్మాండంగా వస్తుంది.

నడుముకి 2.5 సెంటీమీటర్ల ఎలాస్టిక్ అనుకుందాం. పై అంచుని ముందు 1 సెంటీమీటరు, తర్వాత 3.2 సెంటీమీటర్లు మడిచి ఇస్త్రీ పెట్టండి. గుండీల పట్టీ పైభాగంలో గుండీ ఏదైనా ఈ మడతలో పడుతుంటే దాన్ని పీకి దాచుకుని, పట్టీ రెండు పొరల్నీ అక్కడ కలిపి కుట్టెయ్యండి, అప్పుడే ఎలాస్టిక్ ఆ దారిలో తట్టుకోకుండా పోతుంది. మడత కింది అంచు వెంబడి చుట్టూ కుట్టి వెనక 4 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఎలాస్టిక్ పొడవు నడుము కొలతలో 5 నుంచి 8 సెంటీమీటర్లు తక్కువ, గట్టిదైతే తక్కువ తగ్గించండి, మెత్తదైతే ఎక్కువ. ఎలాస్టిక్ ఒక చివరకి పిన్నీసు పెట్టి దూర్చండి, రెండో చివరని బట్టకి ఇంకో పిన్నీసుతో కట్టేసి ఉంచండి, లేదంటే అది కూడా లోపలికి వెళ్ళిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. రెండు చివర్లూ 1.5 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చతురస్రంలా కుట్టి, ఖాళీ మూసెయ్యండి. షర్టు పై సగంలో మిగిలిన జేబుని విప్పి స్కర్టుకి పెట్టుకోవచ్చు, దారం రంగు కాస్త తేడాగా ఉన్నా బాగుంటుంది.

ఆ మిగిలిన చేతులు, భుజాల ముక్కలు బెల్టుకో, స్ట్రాప్‌లకో, ప్యాచ్‌లకో వస్తాయి. ఇంకో షర్టు ఉంటే, గుండీల పట్టీ మధ్యలో వచ్చేలా 42 సెంటీమీటర్ల చతురస్రం ఒకటి, వీపులోంచి అంతే ముక్క ఒకటి కోసి, మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి చుట్టూ 1 సెంటీమీటరు లోపలగా కుట్టి, గుండీలు విప్పి అందులోంచి తిరగేస్తే 40 సెంటీమీటర్ల కుషన్ కవర్ అయిపోయింది, జిప్పు గొడవ లేదు.

జీన్స్

జీన్స్ దగ్గర ఓపిక, సరైన సూది రెండూ కావాలి. మామూలు కాటన్‌కి 80 నంబరు సూది సరిపోతుంది, జీన్స్‌కి 100 లేదా 110, అది కూడా జీన్స్ సూది అని అమ్మేదే తీసుకోండి. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. నాలుగైదు పొరలు కలిసే గుట్ట దగ్గరికొస్తే మిషను మొరాయిస్తుంది, అప్పుడు బట్టని నొక్కిపట్టే మిషను పాదం పైకి లేచి వెనకవైపు ఆనడానికి ఏమీ ఉండదు కాబట్టి కుట్లు అక్కడే పడతాయి, పాదం వెనక అంతే మందం ఉన్న మడిచిన గుడ్డ పెట్టి లెవెల్ చేస్తే హాయిగా ఎక్కేస్తుంది, మరీ మందమైతే చక్రం చేత్తో తిప్పండి. గుట్టని ముందే గుడ్డలో చుట్టి సుత్తితో రెండు దెబ్బలేస్తే ఇంకా మెత్తబడుతుంది.

బ్యాగ్ చేద్దాం. చాలామంది కాలు పైభాగం కోసి మళ్ళీ నోరు మడిచి కుడతారు, అక్కర్లేదు, ప్యాంటు కింది అంచే బ్యాగుకి నోరు. రెండు కాళ్ళనీ అంచు నుంచి పైకి 40 సెంటీమీటర్ల దగ్గర కోసెయ్యండి. ఒక్కో కాలుకి రెండు పక్కల కుట్లలో సాధారణంగా ఒకటే రెండు వరసల దారంతో దిట్టంగా ఉంటుంది, దాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని విప్పండి, విప్పడం బద్ధకమైతే కుట్టు పక్కనే కోసెయ్యండి. ఇప్పుడు రెండు వెడల్పు ముక్కలొచ్చాయి, ఒక్కోదాని మధ్యలో ఆ రెండు వరసల కుట్టు గీతలా నిలువుగా ఉంటుంది, పైన అంచు రెడీ. కాళ్ళు కిందకి సన్నబడే మోడలైతే ముక్క నోటి దగ్గర ఇరుగ్గా, అడుగున వెడల్పుగా వస్తుంది, అది బ్యాగుకి మంచిదే. మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి పక్కలూ అడుగూ కుట్టి, కోసి మడవని అంచులకి జిగ్‌జాగ్ కొట్టండి. అడుగు నిలబడాలంటే మూల దగ్గర పక్క కుట్టు, అడుగు కుట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పట్టుకుంటే త్రికోణంలా వస్తుంది, కొన నుంచి 4 సెంటీమీటర్ల లోపల అడ్డంగా కుడితే 8 సెంటీమీటర్ల వెడల్పు అడుగు తయారవుతుంది. హ్యాండిల్‌కి నడుము పట్టీనే విప్పి వాడండి, అంత గట్టి పట్టీ మనం ఎంత కుట్టినా రాదు.

మోకాలు చిరిగి మిగతా అంతా బాగున్న జీన్స్‌ని మాత్రం బ్యాగ్ చెయ్యొద్దు, అతుకు వేసి తొడుక్కోండి. జపాన్‌లో సాషికో అని ఒక కుట్టు ఉంది, నీలం బట్ట మీద మందం తెల్ల దారంతో వరసలు వరసలుగా రన్నింగ్ స్టిచ్ వెయ్యడమే, మొదట్లో అతుకులు గట్టిగా ఉండటానికీ చలి ఆగడానికీ వేసేవాళ్ళు, ఇప్పుడు అదే ఫ్యాషన్. చిరుగు లోపలివైపు నుంచి, అన్ని పక్కలా 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా ముక్క పెట్టి దూరం కుట్లతో పట్టించి, చిరుగు దాటి గట్టి బట్ట మీదకి వెళ్ళేదాకా వరసలు వేసుకుంటూ పోండి. ప్రతి వరస చివర తిరిగేటప్పుడు దారాన్ని కొంచెం వదులు వదలండి, బిగిస్తే ఉతికాక ముడుచుకుపోతుంది.

టీషర్టు, స్వెటర్

టీషర్టు అల్లిన బట్ట, కోసినా దారాలు రాలవు, అంచు చుట్టుకుంటుందంతే. కాబట్టి అంచు మడవకపోయినా పర్లేదు. వదులు టీషర్టుని ఒంటికి సరిపోయేలా చెయ్యాలంటే, మీకు సరిగ్గా పట్టే టీషర్టుని దాని మీద మెడలు కలిపి పరిచి, పక్కల వెంబడి 1 సెంటీమీటరు ఎక్కువ వదిలి గీసుకుని, ముందు కుట్టి తొడుక్కుని చూసి ఆ తర్వాతే కొయ్యండి. మెడ పట్టీ, కింది అంచు కదపొద్దు. బాల్‌పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది), సన్న జిగ్‌జాగ్, బట్టని మాత్రం లాగకుండా మిషను తీసుకున్నంతే వదలండి, లాగితే అంచు అలల్లా వస్తుంది.

మరకలు పడి దేనికీ పనికిరాని టీషర్టుల్ని 2 నుంచి 3 సెంటీమీటర్ల పట్టీలుగా కోసి ఒక్కసారి సాగదీస్తే చుట్టుకుపోయి లావు దారం అవుతుంది, దాంతో క్రోషెట్ బ్యాగులు, మ్యాట్లు అల్లుకోవచ్చు.

ఉన్ని స్వెటర్ పొరపాటున వేడినీళ్ళలో పడి కుంచించుకుపోయిందా, మంచిదే అయ్యింది, అది దళసరి ఫెల్ట్ అయిపోయి ఎక్కడ కోసినా దారాలు ఊడవు, చేతుల్లోంచి గ్లవ్స్, మిగతాదాంట్లోంచి పౌచ్‌లు వస్తాయి. కావాలనే చేద్దామంటే 60 డిగ్రీల నీళ్ళలో సబ్బుతో మిషన్లో వెయ్యండి. లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే ఎన్నిసార్లు వేసినా కుంచించుకోదు, యాక్రిలిక్ కూడా అంతే.

రంగు మార్చాలంటే

కాటన్‌కి రియాక్టివ్ రంగు, దాంతోపాటు సోడా యాష్, ఇది గోరువెచ్చని నీళ్ళలోనే పట్టుకుంటుంది. పాలిస్టర్‌కి అది ఎక్కదు, డిస్పర్స్ రంగు కొని మరిగే వేడిలో చెయ్యాలి, ఇంట్లో అంత సుఖం లేదు. రెడీమేడ్ బట్టల్లో దారం తరచూ పాలిస్టరే కాబట్టి కాటన్ షర్టుకి నల్ల రంగు వేసినా కుట్లు మాత్రం పాత రంగులోనే మెరుస్తుంటాయి, ఇది తెలిసి వేస్తే అదే అందం. వెలిసిపోయిన ఎరుపుకి నీలం వేస్తే ఊదా వస్తుంది, ముదురు రంగు మీద లేత రంగు మాత్రం ఎప్పటికీ రాదు.

బ్లీచ్‌తో డిజైన్లు చేసేవాళ్ళకి ఒక్క మాట, క్లోరిన్ బ్లీచ్ ఉన్ని, పట్టు, స్పాండెక్స్‌ని తినేస్తుంది, కాటన్ మీద కూడా పని అవగానే ఆపాలి. ఆపడానికి వెనిగర్ పొయ్యమని వీడియోల్లో చెప్తుంటారు, చచ్చినా ఆ పని చెయ్యొద్దు, బ్లీచ్‌లో వెనిగర్ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. ముందు బాగా నీళ్ళతో జాడించి, తర్వాత సోడియం థయోసల్ఫేట్ నీళ్ళలో ముంచండి, కిటికీలు తెరిచిపెట్టండి.

మొదలెట్టే ముందు అడగాల్సింది, చివర్లో మిగిలేవి

ఇది కుట్టాక నేను నిజంగా తొడుక్కుంటానా, లేదా ఫోటో తీసి బీరువాలో పెట్టేస్తానా? నాలుగు జీన్సులు కోసి ఎవరూ మోయని బ్యాగ్ చేస్తే అది కూడా చెత్తే, కాకపోతే దారం అదనంగా ఖర్చయింది. మీరు ఇప్పటికే రోజూ వేసుకునే రంగు, పొడవు, మోడల్ చూసుకుని దానికి దగ్గరగా ఉన్నదే చెయ్యండి.

గుండీలు, జిప్పులు, హుక్కులు పీకి ఒక డబ్బాలో, ఒకే షర్టువి ఒకే దారానికి గుచ్చి పెట్టుకోండి. అరచెయ్యంత ముక్కలు ప్యాచ్‌లకి. షర్టు వీపులాంటి పెద్ద ముక్క మిగిలితే 45 డిగ్రీల ఏటవాలుగా 4 సెంటీమీటర్ల పట్టీలు కోసి పెట్టుకుంటే మెడలకీ చంకలకీ పైపింగ్ కొనక్కర్లేదు, ఏటవాలు పట్టీ సాగుతుంది కాబట్టి వంపుల్లో ముడతలు పడవు. ఇంకా చిన్న తుక్కు కుషన్లలో కూరొచ్చు కానీ ఉత్త గుడ్డముక్కలే కూరితే రాయిలా బరువైపోతుంది, సగం పాత దిండు దూది కలపండి. పాలిస్టర్ ముక్కలు మట్టిలో వేసినా కుళ్ళవు, కంపోస్టులో వెయ్యదల్చుకుంటే రంగు, ప్రింటు లేని అచ్చమైన కాటన్ మాత్రమే వెయ్యండి.

కుట్టినదాన్ని మొదటిసారి విడిగా, తిరగేసి, చల్లనీళ్ళలో ఉతకండి. రెండు వేరే బట్టలు కలిపి కుట్టి ఉంటే ఒకటి రంగు దిగి రెండోదానికి అంటొచ్చు, అందుకే కుట్టేముందే ముదురు ముక్కని తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోవాలి. ఆరాక కుట్ల దగ్గర దారాలు లేచినచోట రెండోసారి జిగ్‌జాగ్ కొట్టెయ్యండి.